తమ్ముడి పాముకు మేత

బల్లిని చూసి నేను మంచమెక్కానని చిన్నమ్మ కూతురి పెళ్లిలో మా తమ్ముడు పదిమందికి చెప్పి నవ్వించాడు. ఏడేళ్లయినా నేను మరువలేదు. అందుకే మొన్న వాడు ఊరెళ్తూ, "పాముకు తిండి పెట్టుడు నీతోని కాదు తియ్ అక్కా, దోస్తును రమ్మంట" అన్నప్పుడు, నేనే పెడతానని మొండికేశాను.

అది పెన్సిలంత మందమున్న విదేశీ పాముపిల్ల. మూడు వారాలుగా ఏమీ ముట్టలేదు. ఈసారీ తినకపోతే బతకదేమోనని వాడి బెంగ.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్‌లోని వాడి ఫ్లాట్‌కు వెళ్లాను. పాము మేతకని ఫ్రీజర్‌లో దాచిన చచ్చిన ఎలుకపిల్లను వేడినీళ్లలో వేసి మెత్తబరిచాను. తమ్ముడు వీడియో కాల్‌లో చూస్తుండగా, పొడవాటి పటకారుతో దాన్ని పాము పెట్టెలోకి దించాను. పాము తల తిప్పుకుంది.

"చల్లగైనట్టుంది. తల వేడిగుంటెనే పట్టుకుంటది" అన్నాడు.

జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో ఎలుక తల వేడిచేసి మళ్లీ దించాను. పాము నాలుక ఆడించి, మెడ వెనక్కి ముడిచింది. పారిపోదామనిపించి కళ్లు మూసుకున్నాను. అంతలో పటకారు అదిరింది. కళ్లు తెరిచి చూసేసరికి పాము ఎలుకను చుట్టేసి ఉంది. కేక వేస్తే ఎక్కడ వదిలేస్తుందోనని పళ్లు బిగబట్టాను.

"కదలకు అక్కా" అన్నాడు తమ్ముడు. ఫోన్‌లో వాడు గోళ్లు కొరుకుతున్నాడు.

ఎలుక తోక కూడా లోపలికి పోయేదాకా అలాగే నిలబడి, మూతకు రెండు గొళ్లాలూ పెట్టాను.

"భయమైందా?"

"నీకైనంత కాలే" అన్నాను. అది అబద్ధం.