గాలి చాలని మంట

స్కూల్లో మాకు కెమిస్ట్రీ చెప్పిన టీచరమ్మ మొన్న కావలిలో పోయారు. ఫోన్ వచ్చినప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. కూర్చుంటాను, లేస్తాను, పొయ్యి దగ్గరికి వెళ్ళి మంట చూసి వస్తాను. అది ఆవిడ అంటించిన అలవాటే.

ఎవరింటికి వెళ్ళినా ఆవిడ ముందు వంటింట్లోకి దూరేవారు. మంట నీలంగా ఉంటే సరే. పసుప్పచ్చగా ఊగుతుంటే స్టవ్ కట్టేయించి, జడలోంచి పిన్ను తీసి బర్నరు కన్నాలు శుభ్రం చేశాకే టీ తాగేవారు. మా పరువు తీస్తోందని అమ్మ గొణిగేది.

క్లాసులోనూ అదే గొడవ. గ్యాసైనా, డీజిలైనా, కిరసనాయిలైనా అందులో ఉన్నవి కార్బన్, హైడ్రోజన్. "గాలి కడుపునిండా దొరికితే కార్బన్ డయాక్సైడూ నీటి ఆవిరీ అయిపోతాయి. చాలకపోతే మసి, దాంతోపాటు కార్బన్ మోనాక్సైడు. మసి కంటికి కనపడతాది. రెండోది కనపడదు, వాసనుండదు. మనిషిని పడగొట్టినాకే తెలిసేది." మేము మార్కుల కోసం బట్టీ పట్టాం.

తర్వాత మా అన్న సముద్రం పక్కన రొయ్యల గుంటలు తీసుకున్నాడు. ఒక తుఫానుకు కరెంటు పోయింది. నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్లు ఆగితే రొయ్యలు చచ్చి తేలతాయి. జనరేటరు తడవకూడదని అన్న దాన్ని షెడ్డులోకి లాగి, ఆన్ చేసి, తలుపులు బిగించి, పక్కనే పడుకున్నాడు. ఇక్కడ చాలామంది చేసే పనే. ఆ రాత్రే నేను మాటల్లో ఆ సంగతి చెప్పగానే టీచరమ్మ నన్ను లాక్కుని ఆటో ఎక్కారు. మేం తలుపు తీసేసరికి అన్న వాంతి చేసుకుంటున్నాడు, లేవలేకపోతున్నాడు. ఇద్దరం కలిసి గట్టు మీదికి ఈడ్చుకొచ్చాం.

"రొయ్యలకి గాలి కొడతా ఉండావే, నీకు అక్కర్లేదంట్రా?" అని తిట్టారు. తిడుతూనే ఏడ్చారు. కన్నవాళ్ళు తప్ప ఇంకెవరైనా మా అన్న కోసం అట్లా ఏడవడం నేను చూడలేదు.

నిన్న ఆవిడ ఇంట్లో ప్రార్థన. మళ్ళీ వాన, కరెంటు లేదు. ఆవిడను పడుకోబెట్టిన ఫ్రీజర్ పెట్టె ఆగకూడదని ఎవరో వెనక గదిలో జనరేటరు పెట్టి, జల్లు కొడుతోందని కిటికీలన్నీ మూసేశారు. పాస్టరు గారు వాక్యం చదువుతుండగానే అన్న లేచి వెళ్ళి జనరేటరు ఆపేశాడు.

"పెట్టె ఆగిపోతాది గదా అబ్బయ్యా!" అన్నారు టీచరమ్మ చెల్లెలు.

"ఆగనీ అక్కా. ఇంతమంది ఉండారు లోపల. ముందు కిటికీలు తియ్యండి. దీన్ని బయట చూరు కింద పెడతా."

కిటికీలు తీశారు. జల్లు ఆవిడ మొహం మీది అద్దంపై పడుతూనే ఉంది. కిటికీ మూయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.