పోగు కుంచానికి సాధన

కొలపాత్ర కంటపడితే చాలు, బుల్లిరాజు అరచెయ్యి చాపేవాడు. అంచు మీదికి లేచిన పోగును ఒక్క ఊపున తుడిచి పక్క గంపలోకి తోసేవాడు. బియ్యమైనా అంతే, పెసలైనా అంతే. ఆ చెయ్యి లేచినప్పుడల్లా భార్య పాపాయికి ఒళ్ళు మండేది.

దీనికంతటికీ మూలం ఒక తాకట్టు. రామచంద్రపురం పక్కకి కాలవ నీళ్లు కొత్తగా వచ్చిన రోజుల్లో, మెరక చెక్కించడానికి బుల్లిరాజూ తమ్ముడూ చెరిసగం పూచీతో పొలం కుదువ పెట్టి జగన్నాథరావు దగ్గర ధాన్యం అప్పు తెచ్చారు. షరతు ప్రకారం ఆ ఏటి పుష్కరం నుంచి వచ్చే పుష్కరం దాకా వడ్డీ ధాన్యాన్ని కుంచం అంచుకు సమంగా తుడిచి కొలవాలి. గడువు దాటితే అవే కుంచాలు, పోగు పోసి కొలవాలి. పోగంటే తక్కువేం కాదు. జగన్నాథరావు కుంచానికి నోరు వెడల్పు, కొలిచేవాడికి ఓపిక ఎక్కువ.

ఏడాది తిరక్కుండా తమ్ముడు పోయాడు. బుల్లిరాజు ఆనాటి నుంచే పోగు తినడం మానేశాడు.

"పుష్కరం ఎప్పుడో వస్తే ఇప్పట్నించే మాడటం ఏంటండీ?"

"వచ్చేసిందనుకోవే. అలవాటవుద్ది."

"మీకవుద్దేమో. నా పొట్టకి చెప్పండి."

అరచేతికి లాభనష్టాలు తెలిసేవి కావు. ఉప్పు కొన్నప్పుడు కూడా, అమ్మేవాడు ఉదారంగా పోసిన పోగును తుడిచి వాడి బస్తాలోకే తోసేవాడు. "తమరి చెయ్యి చల్లగా ఉండాలండి" అని దణ్ణం పెట్టి, వాడు ప్రతి వారం వెతుక్కుంటూ వచ్చేవాడు.

పాపాయి తమ్ముడి పెళ్లిలో మరీ అన్యాయం. విస్తట్లో గుట్టగా వడ్డించిన పులిహోరను బుల్లిరాజు అలవాటుగా తుడిచాడు. అది పోయి పక్క విస్తట్లో పడింది. పక్కన కూర్చున్నది పెళ్లికూతురి తండ్రి.

"మాకు ఎంగిలి పెడతారుటండీ!" అని ఆయన లేచిపోయాడు. ఆయన్ని మళ్ళీ కూర్చోబెట్టేసరికి ఇంకో పెళ్లి చేసినంత పనైంది.

ఇంటికొచ్చాక పాపాయి తిట్టింది. నోరు నొప్పెట్టేదాకా తిట్టింది. బుల్లిరాజు ఓపిగ్గా విని గాల్లో ఒకసారి అరచెయ్యి ఊపాడు.

"ఏంటది?"

"కాస్త పోగయ్యాయే."

ఊరంతా నవ్వింది. పిసినారి అంది, పిచ్చివాడంది. పాపాయి ఊరికంటే ఒక మాట ఎక్కువే అంది. గంపలో పడ్డవన్నీ ధాన్యం కిందికి మారి గాదెకు చేరుతున్నాయి కదా అన్నదొక్కటే ఆమెకు ఊరట. పుష్కరం నాటికి ఒక వాటా అసలు తీరిపోతుంది. ఈ మొగుడితో వేగినందుకు పొలమైనా మిగులుతుంది.

పుష్కరాలు వెళ్ళాయి. ఆ ఏడు కోతలవగానే జగన్నాథరావు తన వెడల్పాటి కుంచంతో బుల్లిరాజు వాకిట్లో దిగాడు. తమ్ముడి భార్య తలుపులమ్మ పిల్లల్ని వెంటేసుకుని తలుపు వార నిలబడింది. తుడుపు కొలతకే ఆమె ఇంట గింజ మిగలదు. పోగు పోస్తే రెండేళ్లలో ఆ వాటా పొలం జగన్నాథరావు పాలవుతుందని అందరికీ తెలుసు. జగన్నాథరావుకి అందరికంటే ముందే తెలుసు.

"గడువు తీరిందండి రాజుగారూ. ఇక పోగే."

"గాదె విప్పండి. ఒక వాటా అసలు కొలిచేస్తాను."

పాపాయి గుండె నిండింది.

"ఎవరి వాటా అండీ?" అన్నాడు జగన్నాథరావు.

"తలుపులమ్మది."

జగన్నాథరావు చేతిలో కుంచం జారింది. "మరి తమరిది?"

"పోగు పోసి కొలుస్తాను, ఉన్నన్నాళ్ళూ."

"బావగారూ, వద్దండి" అంది తలుపులమ్మ తలుపు చాటునుంచి.

పాపాయి అతన్ని దొడ్లోకి లాక్కెళ్ళింది. "మతుందా? ఇన్నేళ్ళూ మాడింది మన పొట్టలు!"

"అందుకేనే. మనకి అలవాటైపోయింది. ఆ పిల్లలకేది?"

పాపాయికి అప్పుడు తట్టింది. తలుపులమ్మ గడప లోపల అతను ఈ చెయ్యి ఎన్నడూ చాపలేదు. అక్కడ బియ్యం కొలుస్తుంటే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. అది మర్యాద అనుకుందామె.

తిట్టడానికి నోరు తెరిచింది. తిట్టు అంచుదాకా వచ్చి ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్న పాపాయి తవ్వతో బియ్యం పోగుగా తీసి, అలవాటుగా అతని చెయ్యి కోసం చూసింది. బుల్లిరాజు వచ్చాడు. బస్తాలోంచి ఇంకో గుప్పెడు తీసి ఆ పోగు మీద పోశాడు.

"ఇవాళొక్క పూటేనే" అన్నాడు.

వీధి గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, సగం తుడిచేశాడు.