బాపు ఎడమ బొటనవేలు

రాసుకో బిడ్డా. ముందు బొటనవేలు సంగతి రాసుకో, సముద్రం సంగతి తర్వాత. నువ్వడిగింది సముద్రం గురించే గానీ, ఆ ఊళ్లో ఆరు నెలలున్నా నేను దాన్ని సంతోషంగా చూసింది మొదటి రెండు నెలలే.

డెబ్బైల మొదట్లో మాట. హైదరాబాదులో నేను చదివే ఆడపిల్లల కాలేజీకీ, ఇంగ్లండులో సముద్రం ఒడ్డున ఉన్న ఒక కాలేజీకీ ఒప్పందం ఉండేది. అక్కడి పిల్ల ఒకతె ఇక్కడికి, ఇక్కడి పిల్ల ఒకతె అక్కడికి వెళ్లి ఒక సెమిస్టరు చదవాలి. ఆ ఏడు నా పేరు వచ్చింది. గోదావరిఖనిలో మా క్వార్టరు ముందు కాలనీ అంతా పోగైంది. "విమానంల కిటికీ తెరువకు చెల్లే, దుమ్ము కండ్లల్ల పడ్తది" అని పక్కింటి అక్క జాగ్రత్త చెప్పింది.

మా బాపు బొగ్గు బాయిలో దిగి పనిచేసేవాడు. చదువు రాదు. మా అవ్వకూ, అంటే అమ్మకూ, రాదు. ఇంటి వెనక వరుసలో ఉండే గుమాస్తా కాకే మాకు ఉత్తరాలు రాసిపెట్టేవాడు, చదివి వినిపించేవాడు. నేను బయలుదేరే రోజు బాపు అన్నాడు: "కాక రాతల నా మాట ఉంటదో లేదో. కింద నా ఏలు ఏస్త. అది సూసుకో. ఏలు ఉన్నదంటె నేను మంచిగున్నట్టే."

అన్నట్టే డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేయకముందే, మసి అంటిన ఎడమ బొటనవేలు ఉత్తరం అడుగున ఒత్తేవాడు. ఎడమదే ఎందుకంటే, వేలిముద్ర మగవాళ్లది ఎడమ చెయ్యి, ఆడవాళ్లది కుడి చెయ్యి అని ఆఫీసుల్లో పద్ధతి. మావాళ్లకు అది దేవుడు పెట్టిన పద్ధతే. బాపు వేలికి అడ్డంగా పాత దెబ్బ ఒకటి ఉండేది. ముద్రలో అది తెల్లగీతలా పడేది. ఉత్తరం రాగానే ముందు ఆ గీత చూసుకుని, తర్వాతే చదివేదాన్ని.

నేనున్నది ఒక ముసలామె ఇంట్లో. చలికి వాళ్లూ బొగ్గే మండించేవాళ్లు. పొయ్యి పక్కన బొగ్గు బకెట్టు చూస్తే నాకు చుట్టాన్ని చూసినట్టుండేది.

మూడో నెలలో ఒక ఉత్తరం వచ్చింది. "మేమందరం క్షేమం. మీ బాపు రోజూ డ్యూటీకి పోతున్నాడు" అని కాక చేతిరాత. అడుగున వేలిముద్ర ఉంది, గీత లేదు. కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూశాను. లేదు. ముద్ర కూడా చిన్నదే. బకెట్టులోంచి బొగ్గు ముక్క తీసి, నా కుడి బొటనవేలికి రుద్దుకుని, దాని పక్కనే ఒత్తాను. రెండూ ఒకే సైజు ఉన్నాయి.

అది ఆడమనిషి వేలు. మా అవ్వ వేలు. మరి బాపు ఏమైనట్టు?

ముసలామెకు చూపిస్తే, కళ్లద్దాలు పెట్టుకుని చూసి, టీ పోసిచ్చింది. ఆమె దగ్గర అన్నిటికీ టీయే మందు. కాలేజీలో మేడమ్ దగ్గరకు వెళ్లాను.

"క్షేమమని రాశారు కదా?" అంది.

"రాశారండీ."

"మరి ఇంకేం?"

"వేలు చిన్నదైందండీ."

ఆమె నాకు జ్వరమేమోనని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

ఫోను చేద్దామంటే మా కాలనీలో ఎవరింట్లో ఉంది ఫోను? టికెట్టు మీద తేదీ ముందే రాసి ఉంది, దానికి మూడు నెలలుంది. టెలిగ్రాం ఇస్తే "అందరూ క్షేమం" అని జవాబొచ్చింది. టెలిగ్రాం కింద వేలిముద్ర ఉండదు కదా, ఏం నమ్మను? "ఈ వేలు ఎవరిది?" అని సూటిగా అడుగుదామంటే, కాక దాన్ని పైకి చదువుతాడు. వినడానికి బాపు లేకపోతే మా అవ్వ ఏమైపోతుంది? అందుకే "బాపును వేలు కొంచెం గట్టిగా ఒత్తమనండి" అని మాత్రం రాశాను. తర్వాతి ఉత్తరంలో కాగితం వెనక్కి దిగేటంత నల్లగా ఒత్తి ఉంది. అప్పుడూ మా అవ్వ వేలే.

రోజూ సాయంత్రం సముద్రం దగ్గరకు వెళ్లి కూర్చునేదాన్ని. బొగ్గు బాయి అయితే డ్యూటీ దిగి పైకొచ్చేవాళ్లను "మా బాపు ఏడి అన్నా?" అని అడగొచ్చు. సముద్రంలోంచి ఎవరు వస్తారు అడగడానికి?

ఎలాగో తేదీ వచ్చింది. రామగుండం స్టేషన్లో రైలు దిగితే, అవ్వ పక్కన బాపు నిలబడి ఉన్నాడు. నా చేతిలో పెట్టె జారి కిందపడింది. బాపు ఎడమ భుజం మీంచి తువ్వాల వేలాడుతోంది. "ఉత్తరాలల్ల ఏలు నీది కాదు గద బాపూ" అంటూ దాన్ని పక్కకు తీశాను. చెయ్యి మణికట్టు దగ్గరే ఆగిపోయింది. బాయిలో బొగ్గు మోసే టబ్బు బండ్ల మధ్య పడి నలిగిపోతే దవాఖానలో తీసేశారట.

అవ్వ ఏడుపు అందుకుంది. "చెప్తె సదువు ఇడిసిపెట్టి వస్తవని చెప్పలే బిడ్డా. నా ఏలే ఏసిన. ఎట్ల గుర్తువట్టినవే?"

నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. "కుడి చెయ్యి ఉన్నది గద బాపూ! ఆ ఏలు ఏస్తె ఏమైతుండె? నువ్వు లేవనే అనుకున్న. మూడు నెలలు ఎంత ఫికరైందో ఎరుకేనా?"

బాపు నా మొహంలోకి చూడలేదు. "కుడి ఏలు ఆడోళ్లది గద బిడ్డా" అన్నాడు మెల్లగా. "నేనెట్ల ఏస్త?"

  రిక్షాలో ఇంటిదాకా ఆ కుడి బొటనవేలు నా పిడికిట్లోనే పట్టుకున్నాను. దానికి బొగ్గు మసి లేదు.

తర్వాత ఆఫీసు కాగితాలన్నిటికీ ఆ వేలే దిక్కయింది. నేను తోడు వెళ్లేదాన్ని. సిరాలో వేలు ముంచి, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, గబుక్కున ఒత్తేవాడు. ఆయన ఒత్తేదాకా నేను గోడ వైపు తిరిగి నిలబడేదాన్ని.