మెహమూద్ కొలిచిన వెలుగు

కొత్తకోట చుట్టుపక్కల కోళ్ల షెడ్లకు బల్బులు బిగించాలంటే మెహమూద్‌నే పిలిచేవాళ్లు. మోటార్లు విప్పి బిగిస్తూ కరెంటు పని సొంతంగా నేర్చుకున్నాడు. మాట తక్కువ. పని అయ్యాక మేత తొట్టి పక్కన గొంతుక్కూర్చుని పేపర్ తెరిచేవాడు. చిన్న అక్షరాలు కనబడీ కనబడనట్టుంటే కోళ్లకు ఆ వెలుగు సరి. మసకగా ఉంటే పెద్ద బల్బు పెట్టేవాడు.

కురుమయ్య షెడ్డులో పెద్ద బల్బులు బిగించి వారమైంది. ఆ పొద్దున కురుమయ్య భార్య కోమల ఫోన్ చేసింది.

"అన్నా, జల్ది రా! కోళ్లు ఒకదాన్నొకటి పొడుసుకొని సస్తున్నయ్!"

వెళ్లి చూసి మెహమూద్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. తెల్లటి ఈకల మీద నెత్తురు. కింద పడిన కోడిని మిగతావి ఇంకా పొడుస్తూనే ఉన్నాయి.

అప్పటికే వచ్చిన పశువుల డాక్టర్ వెలుగు కొలిచే మీటరును తొట్టి దగ్గర పెట్టాడు. "ఎనభై ఉంది. ఇరవై దాటొద్దు. వెలుగు ఎక్కువైతే కోళ్లకు ఇట్లనే పిచ్చెక్కుతది."

"మీటర్ ఖరాబైంది సార్. నేను పేపర్ పెట్టి చూసిన."

డాక్టర్ మీటరు పదిహేను చూపేదాకా బల్బులు తీయించాడు. మెహమూద్ పేపర్ విప్పాడు. బూడిదరంగు కాగితం తప్ప ఏమీ కనబడలేదు.

"సూడు చెల్లె, ఏమన్న కనబడ్తుందా?"

కోమల పక్కన కూర్చుని గడగడా చదివింది. "'పత్తి చేన్లలో గులాబీ పురుగు.' ఇంక సదవాల్నా? రాశిఫలాలు గిట్ల కావాల్నా?"

మెహమూద్ నవ్వలేదు. ఎడమ కన్ను మూసి చూశాడు. పొగ. కుడి కన్ను మూశాడు. అదే పొగ. ఇన్నాళ్లూ వెలుగు తగ్గిందనుకున్నాడు. తగ్గింది తన చూపు.

"శుక్లాలు. దవాఖానలో తీస్తరు, ఫికర్ చేయకు," అన్నాడు డాక్టర్ అతని కళ్లలోకి చూసి.

కురుమయ్య చచ్చిన కోళ్లను గోనెసంచిలో వేస్తూ తలెత్తాడు. "ఇంక ఎవరెవరి షెడ్లల్ల పెద్ద బల్బులు పెట్టినవ్ భాయ్?"

మెహమూద్ వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. ఐలేశం షెడ్డు. వెంకటయ్యది నిన్ననే.

"మీటర్ జర ఇయ్యుండ్రి సార్," అని అందుకుని కురుమయ్య చేతిలో పెట్టాడు. "బండి నువ్వే నడుపు. అంకెలు నువ్వే సదువు. బల్బులు నేను విప్పుత. ముందుగాల ఐలేశం తాన్కి పోదాం."