బంబు చల్లబడిన పొద్దు

ఈ పొద్దున మా గీజరు ఆగిపోయింది. మూడు రోజులుగా శ్రావణపు ముసురు విడవడం లేదు. స్నానం కాకుండా దీపం ముట్టించడం నాకు అలవాటు లేదు, చన్నీళ్ళు పోసుకుంటే మోకాళ్ళు ఊరుకోవు. మావారు ఫోన్ చేస్తే అక్కల్‌కోట్ రోడ్డు వైపు నుంచి మెకానిక్ వచ్చాడు. మర్యాదస్తుడు, చెప్పులు గడప బయటే విడిచాడు. గీజరు మూత విప్పి, తీగల మీద ఏదో మీటరు ముల్లు ఆనించి, "కాయిల్ గేలీ, కాకూ. నవీనచ్ టాకావీ లాగేల్" అన్నాడు. కాయిల్ పోయింది, కొత్తది వేయాల్సిందేనట. నేను పెట్టిన చాయ్ ఇంకా పొంగనే లేదు, అతను రోగం కనిపెట్టడమూ మందు చెప్పడమూ అయిపోయాయి. ఆ పనితనానికి మనసులోనే దండం పెట్టుకున్నాను. కానీ చాయ్ వడపోస్తుంటే, షోలాపూర్ నీలం నగర్‌లోని ఈ ఇంట్లోనే, ఇలాంటి ముసురులోనే, వేడినీళ్ళు ఎందుకు రావడం లేదో కనిపెట్టడానికి ఒక పూటంతా పట్టిన రోజు గుర్తుకొచ్చింది. నిజానికి ఆ రోజు మా అత్తమ్మకు కారణం పొద్దు పొడిచేటప్పుడే తెలుసు.

అప్పట్లో మాకు బంబు ఉండేది. చూడనివారి కోసం చెబుతాను. అది నడుమెత్తు రాగి డ్రమ్ము. దాని కడుపులోంచి నిలువునా ఒక గొట్టం పైకి పోతుంది. గొట్టం లోపల నిప్పు, చుట్టూ నీళ్ళు. పైనుంచి పుల్లలు వేస్తే అవి అడుగున ఉన్న జాలీ మీద కాలుతాయి. పొగ గొట్టంలోంచి పైకి పోతుంది, బూడిద జాలీ కంతల్లోంచి కిందికి రాలుతుంది, పక్కన నల్లా తిప్పితే పొగలు కక్కే నీళ్ళు. మరాఠీ వాళ్ళ ఇళ్ళలో దానికి కట్టెలే మేత. మా సాలోళ్ళ ఇళ్ళలో కట్టెలతో పాటు మగ్గం కింది తుక్కు కూడా వేసేవాళ్ళం. తెగిన పోగులు, విప్పలేనంతగా చిక్కుపడిన నూలు, ఏదీ పారేసేది లేదు. పిడికెడు నూలు వేస్తే చాలు, తడి కట్టె కూడా సిగ్గుపడి మండేది. నేను బడి మొహం చూడలేదు. జోడ్‌భావి పేట్‌లో మా పుట్టింట్లో నాయన మగ్గం దిగి వచ్చి చేతులు కడుక్కుని అక్షరాలు దిద్దించాడు. అది మొదటి చదువు. రెండో చదువు ఈ బంబు ముందు పీట మీద, అత్తమ్మ పక్కన కూర్చుని చదువుకున్నాను. ఈ ఇద్దరి రుణం నేను తీర్చగలిగేది కాదు.

మామది గుంటమగ్గం. వీధి వీధంతా పవర్‌లూమ్‌ల చప్పుడే, మావారిది కూడా అలాంటి ఒక కార్ఖానాలోనే పని. అయినా ముందుగదిలో మామ మగ్గం అలాగే ఉండేది. వయసు మీద పడ్డాక ఆయన ఏడాదికి ఒక్క పంచె నేసేవాడు. శ్రావణంలో వచ్చే నూలిపున్నమి నాడు గుళ్ళో మార్కండేయస్వామికి కట్టే పంచె అది. అచ్చమైన నూలు, వేరే పోగు ఒక్కటి కలవకూడదు. అది ఆయన మొక్కు, ఆయన పరువు కూడా. ఎందుకంటే మామ వేళ్ళకు పేటలో పెద్ద పేరు. కళ్ళు మూసుకుని పోగును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, ఇది ఫలానా నంబరు నూలు, ఇందులో ఇంత గంజి ఉంది అని చెప్పేవాడు. పెళ్ళి చూపుల్లో నా చీర చెంగు పట్టుకుని చూసి, "పిల్ల ఏమో గానీ, చీర మంచిగున్నది" అన్నాడట. అది మెచ్చుకోవడమేనని మా నాయనకు అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది.

ఆ ఏడాది కొత్త దుకాణంలో తెచ్చిన నూలు మామకు మహా నచ్చింది. "సూస్తున్నరా, ఒక్క పోగు తెగితే ఒట్టు. ఇసొంటి నూలు ముట్టక ఎన్నేండ్లాయె" అని వచ్చినవాళ్ళకల్లా చెప్పేవాడు. కండెలు చుట్టే మాకు మాత్రం అది చేతిలో నిలిచేది కాదు. జారేది, చిక్కుపడేది. చిక్కుపడిందల్లా గంపలో వేసి, గంప నిండగానే బంబులో వేసేవాళ్ళం. అది చూసి మామ, "అత్తకోడండ్లకు ముచ్చట్లు ఎక్కువైనయ్. నూలుకు చిక్కులు పడక ఏమైతయ్" అని ఎత్తిపొడిచేవాడు. అత్తమ్మ నవ్వి ఊరుకునేది. చక్కెర జబ్బు వచ్చాక మామ వేళ్ళ కొసలకు స్పర్శ తగ్గుతోందని ఆమె అప్పటికే గమనించింది. ఆయన కాలే చాయ్ గ్లాసును తీరిగ్గా పట్టుకుని, పెదవులకు తగిలాక ఉలిక్కిపడేవాడు. అప్పటినుంచి ఆమె చాయ్ కాస్త చల్లార్చి ఇచ్చేది. ఎందుకని ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

పున్నమి ఇంకా ఎనిమిది రోజులుందనగా, ఒక తెల్లవారుజామున బంబు మొరాయించింది. పొగ పైకి పోకుండా కింద బూడిద తీసే నోట్లోంచి వంటింట్లోకి వస్తోంది. నీళ్ళు గోరువెచ్చన కూడా కాలేదు. అత్తమ్మ చెప్పినట్టు నిప్పు దించి, చల్లారాక ఇనుప కొక్కెంతో జాలీని బయటికి లాగాను. కంతలన్నీ మూసుకుపోయి ఉన్నాయి. నల్లగా, గాజులా, గట్టిగా ఏదో కరిగి గడ్డకట్టింది. ఒక పెచ్చు ఊడి బండ మీద పడితే టిక్కుమంది. నూలు బూడిద అలా చప్పుడు చేయదు, ముట్టుకుంటే పొడి అయిపోతుంది. అత్తమ్మ ఆ పెచ్చును వాసన చూసింది. గంపలోంచి ఒక పోగు తెంపి అగ్గిపుల్ల గీసింది. నూలు కాలితే కాగితం కాలిన వాసన రావాలి. అది ముడుచుకుపోతూ, చుక్కలా కరిగి, ప్లాస్టిక్ వాసన కొట్టింది. చివర ఆవగింజంత నల్లపూస మిగిలింది.

మామ అంత మెచ్చిన నూలులో పాలిస్టర్ కలిసింది. మగ్గం మీద పంచె ముప్పాతిక వంతు అయిపోయింది. "మామకు చెప్దామా అత్తమ్మా?" అన్నాను.

ఆమె ఆ పూసను అరచేతిలో దొర్లించి చూసింది. "నేను చెప్పిననుకో బిడ్డా, మీ వేళ్ళు పోయినయ్ అని ఆయనకు చెప్పినట్టే అయితది" అంది. "జాలీ ఎట్లుండెనో అట్లనే పెట్టు. ఆ పెచ్చు గూడ దాని మీదనే పెట్టు."

ఎలా ఉన్నదో అలాగే పెట్టాను. మామ స్నానానికి లేచి, చెంబుడు నీళ్ళు మీద పోసుకుని కేక పెట్టాడు. అత్తమ్మ ఏమీ ఎరగనట్టు చేతులు తుడుచుకుంటూ వెళ్ళి, "బంబుకు ఏమైందో నాకు సమజైతలేదు. మీరే జర సూడుండ్రి" అంది.

"నలభై ఏండ్ల సంది మండిస్తున్నవ్, సమజైతలేదా నీకు?"

"మండిచ్చుడే ఎరుక నాకు. లోపటి కత నాకేం ఎరుక?"

మామ భుజాన తువ్వాల వేసుకుని, కోర్టుకెక్కిన వకీలులా పీట మీద కూర్చున్నాడు. అంత ఉత్సాహంగా ఆయనను చూసి చాన్నాళ్ళయింది. ముందు కట్టెల మీద పడ్డాడు. "వానల కట్టె తడిసింది, గంతే. ఇంత సిన్న ముచ్చటకు నన్ను పిల్సినవ్." అత్తమ్మ, "అయి ఉంటది" అని లోపలికి వెళ్ళి ఎండుకట్టె తెచ్చింది. పొద్దున వాడిందీ ఆ ఎండుకట్టేనని ఆమెకు తెలుసు. మళ్ళీ ముట్టించారు, మళ్ళీ పొగ వంటింటి నిండా కమ్మింది. ముగ్గురం దగ్గుతూ వాకిట్లోకి పరుగెత్తాం. పక్కింటి మరాఠీ ఆమె గోడ మీదుగా తొంగిచూసి, ఏదైనా పూజా అని అడిగింది. "పూజనే. మా ఇంటాయన హోమం చేస్తున్నడు" అంది అత్తమ్మ.

తర్వాత అనుమానం గొట్టం మీదికి పోయింది. మసి పేరుకుని ఉంటుందని వెదురు కర్రకు గుడ్డ చుట్టి దూర్చాడు. దోసెడు మసి రాలింది. ఆయన ముఖమూ నల్లబడింది గానీ గొట్టం బాగానే ఉంది. ఆ తర్వాత మా షోలాపూర్ ఉప్పునీళ్ళను తిట్టాడు, లోపల సున్నం కట్టి ఉంటుందని రాగి మీద వేలితో కొట్టి చూశాడు. ప్రతి మాటకూ అత్తమ్మ "అవునా" అనేది. నాకు ఆత్రం ఆగక ఒకసారి "మామా, ఆ జాలీ" అనబోయాను. ఆమె నా వైపు ఒక్క చూపు చూసింది. నేను కొత్తిమీర తుంచుతూ కూర్చున్నాను. ఆ పొద్దు తుంచినంత కొత్తిమీర మళ్ళీ ఎన్నడూ తుంచలేదు.

చివరికి మామ ఒక పని చేశాడు. అది గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఆయన మీద గౌరవం పెరుగుతుంది. గొట్టంలో పైనుంచి మండే కాగితం ఒకటి జారవిడిచి, రవ్వంత దూది పింజను బూడిద నోటి ముందు పట్టుకున్నాడు. గాలి లోపలికి పోతుంటే పింజ లోపలికి వంగాలి. అది కదలలేదు. "పైన తెరిసి ఉన్నది, కింద మూసుకపోయింది. గాలి జాలీకాడ ఆగింది" అన్నాడు మెల్లగా. ఏ పుస్తకమూ లేకుండా, ఒక్క దూది పింజతో. జాలీ లాగాడు. పెచ్చును చేతిలోకి తీసుకుని వేళ్ళతో నలిపాడు, ఏమీ తెలిసినట్టు లేదు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

ఆయన పెచ్చును కింద పెట్టాడు. "ఏ తుక్కు వేసిండ్రు దీంట్ల?" అని అడిగాడు. "మన మగ్గం కిందిదే" అంది అత్తమ్మ. ఆయన లేచి మగ్గం దగ్గరికి పోయాడు, మేమూ వెనక వెళ్ళాం. పడుగులోంచి ఒక పోగు తెంపి ముట్టించాడు. అది ముడుచుకుని పూస కట్టింది. పేకలోంచి ఇంకొకటి. అదీ అంతే. గుంటలో కాళ్ళు వేలాడేసి కూర్చుని, తన రెండు వేళ్ళనూ దీపం వెలుతురులో తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఆయన అంత చిన్నగా కనిపించడం నేను ఎప్పుడూ చూడలేదు.

"నీకు ఎరుకేనా?" అన్నాడు, తల ఎత్తకుండా.

పండగ పూట మడికట్టుకున్నట్టు జీవితమంతా నిజం చెప్పిన మనిషి మా అత్తమ్మ. "నాకేం ఎరుక? నేను తడి కట్టె అనే అనుకుంటి. జాలీ సంగతి మీరు గద పట్టిండ్రు" అంది.

"వేళ్ళు పోయినయే నాయి."

"వేళ్ళు పోతే పాయె. ముక్కు ఉన్నది, తెలివి ఉన్నది. నలభై ఏండ్లు మండిచ్చిన దాన్ని నాకు దొరకలే, మీకు దొరికింది."

ఆయన మగ్గం వైపు తిరిగాడు. తర్వాత కత్తెర అడిగాడు. ముప్పాతిక పంచెను తన చేత్తోనే కోసేశాడు. "దేవునికి కట్టేది కాదిది" అని పక్కన పెట్టాడు. ఇంకెవరైనా ఎంత చెప్పినా ఆ కత్తెర ఆయన చేతికి వచ్చేది కాదని నాకు ఆ క్షణంలో తెలిసింది. దుకాణం మీదికి కొట్లాటకు పోలేదు, వాళ్ళనూ ఎవరో మోసం చేసి ఉంటారన్నాడు. సాయంత్రానికి వేరేచోట నూలు తెప్పించి, ప్రతి నూలు చిలప నుంచి ఒక పోగు అత్తమ్మతో కాల్పించి, వాసన తను చూసి, తర్వాతే పడుగు పోసే ఆసుకు ఎక్కించనిచ్చాడు. ఆ రోజు నుంచి ఇంట్లో నూలు చూడడమంటే ఇద్దరూ కలిసి చేసే పని అయింది. ఆమె కాల్చేది, ఆయన తీర్పు చెప్పేవాడు.

ఎనిమిది రోజుల్లో పంచె కాలేదు. పున్నమి నాటికి ఒక ఉత్తరీయమంత అయింది. మామ దాన్ని మడిచి తలమీద పెట్టుకుని వానలోనే గుడికి నడిచాడు. పంచె ఏమైందని ఎవరో అడిగితే, "ఈసారి స్వామికి భుజానికి సరిపోయింది. నడుముకు వచ్చే ఏడు" అన్నాడు. వచ్చే ఏడు నేశాడు కూడా, ఆ పై రెండేళ్ళూ నేశాడు.

ఆయన పోయాక ఒకనాడు కండెలు సర్దుతూ అత్తమ్మను అడిగాను: చేతిలో ఎనిమిదే రోజులు ఉన్నప్పుడు, ఒక్క మాటతో పోయేదానికి ఒక పొద్దంతా ఎందుకు పోగొట్టావు అని. ఆమె కండె మీద నుంచి చూపు తిప్పకుండానే అంది: "ఎనిమిది దినాలున్నయ్ గద బిడ్డా. ఒక్క పొద్దు ఆయనకిస్తే ఏం పోతది?"

వయసు మనిషి దగ్గర నుంచి ఒక్కొక్కటే తీసుకుపోతుంది, దాన్ని ఆపలేం. కానీ పక్కనున్నవాళ్ళు తొందరపడకపోతే, కాలం కూడా కాస్త మర్యాదగా, నిదానంగా తీసుకుంటుందని ఆ ఇద్దరి దగ్గరే చూశాను.