మా పెట్టె పట్టింది, వాళ్ల పెట్టె పట్టలేదు

పదవీ విరమణకు ఇంకా రెండేళ్లు ఉన్నాయనగా, ఆటోనగర్‌లోని ఒక ఫ్యాక్టరీలో నాణ్యతా విభాగం మేనేజరుగా చేరాను. అంతకుముందు నా ఉద్యోగమంతా ఓడల మరమ్మతు యార్డులో తనిఖీ ఇంజనీరుగానే గడిచింది. చేరిన ఏడాదికి మాకు ఒక అరుదైన పని వచ్చింది. అంతరిక్ష కేంద్రంలో ప్రయోగాలు అమర్చే ర్యాకులకు నమూనాలు నాలుగు తయారు చేయాలి. వాటిని కంపన పరీక్షలో కుదిపి చూస్తారు.

ర్యాకు అంటే బీరువా లాంటి లోహపు చట్రం. కరెంటు, చల్లటి నీరు, సమాచారపు తీగలు దాని వెనక నుంచి వస్తాయి. ప్రయోగపు పెట్టె ఏ ఊళ్లో తయారైనా, ఏ ర్యాకులోనైనా సొరుగులా జారి, దాని వెనకున్న పిన్నులు ర్యాకు రంధ్రాల్లో కూర్చోవాలి. అందుకే అందరికీ ఒకే కొలత.

మొదటి ర్యాకు రంధ్రాలను సీఎంఎం అనే కొలత యంత్రం మీద సరిచూసి, ఆ తరువాతే మిగిలినవి మొదలుపెట్టాలని నియమం. ఆ వారం మా యంత్రం మరమ్మతులో ఉంది. రంధ్రాలు ఎక్కడ పడాలో చూపే అచ్చు పలకను జిగ్ అంటారు. అదే జిగ్‌తో ఒక ఉత్తుత్తి పెట్టె చేయించి, అది ర్యాకులో పడితే చాలన్నాను. పడింది. నాలుగు ర్యాకుల్లోనూ పడింది. కొలతలు సరిగా ఉన్నాయనే నాలుగు ధ్రువపత్రాల మీదా సంతకం చేశాను.

ఆ రోజు సీనియర్ ఫిట్టర్ అప్పలరాజు నా బల్ల దగ్గరకొచ్చాడు.

“మన పెట్టి మన ర్యాకులో పడతాది మేడం. ఆల పెట్టి పడతాదో నేదో ఎవులు సూసారు?”

డ్రాయింగు ప్రకారమే జిగ్ చేశాం కదా అన్నాను. అతను తలూపి తన పనిలోకి వెళ్లిపోయాడు.

పదిహేను రోజులకు కొనుగోలుదారుల ఇంజనీరు తమ ప్రయోగపు పెట్టెతో వచ్చారు. పట్టాల మీద నున్నగా జారిన పెట్టె చివర్లో ఆగిపోయింది. ఇంకోసారి తోశారు. పిన్ను రంధ్రంలోకి పోలేదు. రెండో ర్యాకులోనూ అంతే, మూడో దానిలోనూ అంతే. నాలుగోదానిలోనూ పట్టలేదు. ఆయన స్కేలు పెట్టి, మిల్లీమీటరున్నర తేడా ఉందని మెల్లగా చెప్పారు.

జిగ్‌లో ఒక కొలతను తప్పు అంచు నుంచి తీసుకున్నారు. ఆ తప్పే ర్యాకుల్లోకీ, మా పెట్టెలోకీ ఒకేలా దిగింది. తప్పుతోనే తప్పును కొలిచి, సరిపోయిందని సంతకం చేశాను. ఇన్నేళ్లూ ఇతరుల పనిలో తప్పులు పట్టిన మనిషిని నేనేనా అనిపించింది.

మధ్యాహ్నం యజమాని గదిలోకి పిలిచారు.

“రంధ్రాలు ఆకురాయితో కొంచెం సాగదీద్దాం మేడం. ఎవరికి కనపడతాది?”

సాగదీసిన రంధ్రంలో పిన్ను వదులుగా ఉంటుందని, కుదుపుల్లో పెట్టె ఊగుతుందని, ఆ పరీక్షను నమ్మి అసలు ర్యాకు పైకి పంపుతారని చెప్పాను. ఆ గదిలోనే కూర్చుని, లోపం నివేదికలో కారణం అన్నచోట సీఎంఎం తనిఖీని మానిపించింది నేనేనని రాసి ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివారు. చివరికి కొనుగోలుదారులకు పంపమన్నారు.

నాలుగు ర్యాకులూ తిరస్కరించారు. కొత్తవి చేయడానికి మూడు నెలలు పట్టింది. అవి పూర్తయ్యేదాకా ధ్రువపత్రాల మీద సంతకం చేసే అధికారం నాకు లేదు. వాటిని వేరే సంస్థవాళ్లు కొలిచారు. ఈసారి పెట్టె కూర్చుంది.

అప్పలరాజు మాట విననందుకు అతని దగ్గరకే వెళ్లి క్షమించమన్నాను. అతను చేతులు తుడుచుకుంటూ, “నాను సెప్పినాను గానీ గట్టిగా సెప్పనేదు మేడం. అందులో నా తప్పూ ఉంది,” అన్నాడు.

కొలిచే వస్తువూ, కొలవబడే వస్తువూ ఒకే అచ్చులోంచి రాకూడదు. యంత్రం పాడైతే పని ఆగాలి గానీ తనిఖీ మారకూడదు. ఈ రెండూ నాకు పాఠాలుగా తెలిసినవే. తెలిసినంత మాత్రాన పాటిస్తున్నట్టు కాదని ఆ నాలుగు ర్యాకుల దగ్గర తెలిసింది.