ముందు అర్థం, తరవాత పాట

మా మేనత్త పోయిందని మొన్న మంగళవారం పొద్దున్నే నౌపడ నుంచి ఫోన్ వచ్చింది. నేను బొబ్బిలి వెళ్లే బస్సులో ఉన్నాను. ఫోన్ చేసింది ఆవిడ కొడుకు, మా బావ. "అమ్మ ఇంక నేదే" అన్నాడు, అంతే. నాకు ఏడుపు రాలేదు. భయం వేసింది. ముందు సీటు కమ్మీ పట్టుకుని అలాగే కూచుండిపోయాను. ఆ భయం ఎందుకో చెప్పాలంటే ఆవిడెవరో మీకు చెప్పాలి.

మా శ్రీకాకుళం వైపు పెళ్లిళ్లకీ పండగలకీ ఆర్కెస్ట్రా విన్నవాళ్లలో కొందరికైనా ఆవిడ గుర్తుండొచ్చు. పోస్టరు మీద ఆవిడ ఫొటో కింద 'రష్యా పాటలు' అని వేసేవారు. ఆవిడ రష్యా ఎన్నడూ చూడలేదు. విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో, పదహారేళ్ల వయసులో, ఒక రష్యన్ ఇంజనీరు ఇంట్లో పసిబిడ్డను చూసుకునే పనికి కుదిరింది. ఆ ఇంజనీరు తల్లి పల్లెటూరి మనిషి. బంగాళాదుంపలు తొక్క తీస్తూ ఆవిడ పాడుకునే పాటలన్నీ అత్తకి పట్టుబడ్డాయి. నాలుగేళ్లకు వాళ్లు దేశం వెళ్లిపోయారు. తెలుగు అక్షరాల్లో ఆ పాటలు రాసుకున్న నోటు పుస్తకం ఒకటి అత్త దగ్గర మిగిలింది. తరవాత శ్రీకాకుళంలో ఆర్కెస్ట్రాలో చేరి, ఆ పల్లె పాటలకు డ్రమ్ ప్యాడ్, గిటారు, కీబోర్డు జతచేసి కుర్రకారు ఎగిరే దరువు కట్టింది. కీబోర్డు నాది. పద్దెనిమిదేళ్లు ఆవిడ పక్కన వాయించాను.

ప్రతి ప్రోగ్రాంకి ముందూ ఆవిడ చేతులు చల్లబడిపోయేవి. బుగ్గన లవంగం పెట్టుకుని, స్టేజి వెనక నా మణికట్టు పట్టుకుని నిలబడేది. గోళ్లు దిగేవి. ఇన్నేళ్లయినా ఇంకా భయమేనా అంటే, "భయం లేనోడు పాడకూడదే. పాడితే అది ఉత్త అరుపైపోతాది" అనేది. అది అందరికీ ఉండే స్టేజి భయమే అనుకునేదాన్ని, ఒక పెళ్లిలో జరిగింది చూసేదాకా.

బొబ్బిలికి ఇవతల ఒక ఊళ్లో పగటి పెళ్లి. భోజనాలయ్యాక, అప్పగింతల ముందు ఒక పాట పాడమన్నారు. రష్యన్ పల్లెల్లో పెళ్లికూతురిని సాగనంపేటప్పుడు పాడే ఏడుపు పాట ఒకటి అత్త ఎత్తుకుంది. దరువు లేదు, కింద నా కీబోర్డు సన్నగా మోగుతోందంతే. రెండో చరణం దాటేసరికి పెళ్లికూతురు కూచున్నచోటే పక్కకి ఒరిగిపోయింది. కళ్లు తేలేసింది.

 అప్పుడు వెనకనుంచి ఎవరో ముసలామె, ఆ మాటలు మన మాటలు కావు, ఇది ఏదో మంత్రం చదివింది అంది. ఇంకెవరో చిల్లంగి అన్నారు. చేతబడిని మావైపు అలాగే అంటారు. ఊళ్లో ఆ మాట ఒకసారి ఎవరి మీదైనా పడితే, వాళ్లు ప్రాణాలతో ఇల్లు చేరడం కష్టం.

మా ఐదుగురినీ బడి గదిలోకి తోసి బయట గడియ పెట్టారు. ఫోన్లు లాక్కున్నారు. కిటికీ ఊచల్లోంచి బయట గుంపు పెరగడం కనిపిస్తోంది. ఒకతను పందిరి గుంజ పీకి తెచ్చాడు. మా డ్రమ్మరు గోడవైపు తిరిగి నిలబడ్డాడు.  అత్త నేల మీద కూచుంది. భయానికి ఆవిడ చీర తడిసిపోయి ఉంది. ఇది రాయొచ్చో లేదో అనుకున్నాను గానీ, తరవాత ఆవిడే నవ్వుతూ నలుగురికీ చెప్పేది, అందుకే రాస్తున్నాను.

పెళ్లికూతురి నాయనమ్మ కిటికీ దగ్గరకొచ్చింది. "నా మనవరాలికి ఏటి సేసినావే?" అని అడిగింది.

అత్త లేచి, తడిసిన చీరతోనే కిటికీ దాకా వెళ్లింది. "అమ్మా, ఆ పాటలో ఏటున్నాదో సెప్తాను, ఇను. తరవాత మీ ఇష్టం" అంది.

ఒక్కో ముక్కా మన మాటల్లో చెప్పింది. రేపు తెల్లారితే మా అమ్మ నన్ను లేపదు. పెరట్లో ఆవు నాకోసం అరుస్తాది. నా కంచం ఎవరికీ పెట్టకండి, బోర్లించి ఉంచండి. చెప్పాక ఆ మాటల్నే అదే బాణీలో పాడింది. రెండుసార్లు ఆగిపోయింది, మళ్లీ అందుకుంది. ముసలావిడ ఊచలు పట్టుకుని నిలబడి విన్నది. "మాదీ ఇదే ఏడుపే" అని వెనక్కి తిరిగి, గుంజ పట్టుకున్నవాణ్ణి పక్కకి జరగమంది.

అయినా వెంటనే తలుపు తీయలేదు. ఈలోగా పెళ్లికూతురికి పంచదార నీళ్లు పట్టారు. ముందురోజు నుంచీ ఏమీ తినలేదనీ, కళ్లు తిరిగాయనీ ఆ పిల్లే చెప్పింది. అరగంటకి గడియ తీశారు. తప్పయిందని ఎవరూ అనలేదు. నాయనమ్మ మాత్రం మా వ్యాను దాకా మాకు ముందుగా నడిచింది.

తరవాత నెల్లాళ్లు అత్త పాడలేదు. ఇంక మానేసిందనే అనుకున్నాం. ఒకరోజు తనే వచ్చి కీబోర్డు బయటికి తీయమంది. "మడిసికి అర్థం కానిదే దెయ్యమైపోద్దే. ముందు అర్థం సెప్పాలి, తరవాతే పాట" అంది. అప్పటినుంచి ప్రతి పాటకీ ముందు మన మాటల్లో ఒక చరణం, తరవాత రష్యన్‌లో ఒక చరణం, కింద దరువు. అదే ఆవిడకి పేరు తెచ్చింది. రథసప్తమికి అరసవల్లిలో పాడితే తెలుగు చరణాన్ని జనం తిరిగి పాడారు, ఫోన్లలో వీడియోలు తీసుకున్నారు. వెళ్లిన ప్రతిచోటా ఆవిడ ముందు బయటికి వెళ్లే దారి ఎటో చూసుకునేది. అది నాకు తప్ప ఎవరికీ తెలియదు.

రెండేళ్ల క్రితం గొంతు బొంగురుపోయింది. లోపల గడ్డ అన్నారు. ఆపరేషన్ చేస్తే ప్రాణం నిలవొచ్చు, గొంతు ఉండదన్నారు. ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూచుని, "గొంతు తీసేస్తే మిగిలిన నాను ఏటే?" అని అడిగింది.  ఆపరేషన్ తరవాత పెదాలు కదిపి, వేళ్లతో తాళం వేసి నాకు పాటలు నేర్పింది. తప్పు పాడితే తొడ మీద చరిచేది. ఆ నోటు పుస్తకంలో సగం అక్షరాలు ఆవిడకి తప్ప ఎవరికీ అర్థం కావు. ఇప్పుడు నేను తప్పు పాడినా, తప్పని చెప్పేవాళ్లు లేరు. ఆవిడ బదులు నేనే పాడతానని వచ్చే నెల ప్రోగ్రాం ఒప్పుకుని ఉన్నాను. ఆ పొద్దున్న బస్సులో నాకు వేసిన భయం ఇదే.

కిందటి నెల చివరిసారి చూశాను. నన్ను సాగనంపడానికి నౌపడ రైల్వే గేటు దాకా వచ్చింది. నేను పట్టాలు దాటాక గేటు పడింది. మా ఇద్దరి మధ్యా గూడ్సు బండి వచ్చింది. పెట్టెల సందుల్లోంచి ఆవిడ కనపడుతూ మాయమవుతూ ఉంది, పెదాలు కదులుతున్నాయి, వేళ్లు తాళం వేస్తున్నాయి. బండి మోతకి ఏదీ వినపడే వీలు లేదు. చివరి పెట్టె కూడా దాటిపోయింది, మోత తగ్గింది. ఆవిడ ఇంకా అక్కడే నిలబడి పెదాలు కదుపుతూనే ఉంది.